పాలమూరు రైలు దిగి, ఫలక్‌నుమా మేడ ఎక్కి...

కాచిగూడలో మహబూబ్‌నగర్ ప్యాసింజరు ఎక్కినవారెవరికైనా ఫలక్‌నుమా స్టేషను తెలుసు. కూలి పనులకు పోయేవారు, ఆసుపత్రులకు, కచేరీలకు తిరిగేవారు ఏళ్ల తరబడి ఆ పసుపుపచ్చ బోర్డు చదువుతూ వచ్చినవారే. ఆ పేరు గల మేడ ఎవరిదని అడిగితే మాత్రం చాలామంది ‘నవాబుది’ అని చెప్పి ఊరుకుంటారు. నిజానికి ఆ మేడకూ, మన ప్రాంతానికీ చుట్టరికం అంతకంటే దగ్గరది.

ఉర్దూలో ఫలక్ అంటే ఆకాశం. ఆకాశాన్ని చూపే అద్దం అని ఈ మేడకు ఆ పేరు పెట్టారు. చార్మినారుకు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, కొండ మీద ఉంది. 2010 నవంబరు నుంచి తాజ్ వారి హోటలుగా నడుస్తోంది. ఈ విలేకరికి ఇటీవల అక్కడ ఒక రాత్రి గడిపే అవకాశం కలిగింది. సొంత డబ్బుతో కాదు లెండి. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు తన తల్లిని ఒక్క రాత్రయినా అక్కడ ఉంచాలని ముచ్చటపడి, తోడుగా మేనమామను కూడా రమ్మన్నాడు. అక్క కాపురం చేసింది వికారాబాదు దగ్గరి ఒక పల్లెలో. గది అద్దె ఎంతో ఆమెకు తెలియకుండా దాచడానికి కుర్రవాడు నానా తంటాలు పడ్డాడు. తెలిస్తే గేటు దగ్గరి నుంచే వెనక్కి మళ్లేది. రాత్రికి పదుల వేలలో ఉంటుంది మరి.

కారును కింది గేటు దగ్గరే వదిలి, గుర్రపు బగ్గీలో పైకి తీసుకుపోతారు. మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. అక్క ఒక్కసారిగా ఆగిపోయింది. “మన మీద పూలు చల్లుడేంది తమ్మీ, మనమేమన్న దేవుళ్లమా?” అంది. కింద పడ్డ రేకులను తొక్కకుండా పక్కనుంచి నడిచింది.

ఈ మేడ కట్టించినవాడు నవాబ్ వికార్ ఉల్ ఉమ్రా. పైగా ప్రభువుల్లో ఒకడు. ఆరవ నిజాం సోదరిని పెళ్లాడినవాడు. తరువాత హైదరాబాదు సంస్థానానికి దివాన్‌గా కూడా చేశాడు. వికారాబాదుకు ఆ పేరు వచ్చింది ఈయన వల్లనే. 1884లో పునాది వేస్తే హంగులన్నీ పూర్తయ్యేసరికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. నమూనా గీసినవాడు మారెట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. రాయి ఇటలీ పాలరాయి. పైనుంచి చూస్తే కట్టడం తేలు ఆకారంలో ఉంటుంది. ఖర్చు తడిసి మోపెడై, నవాబు అప్పుల్లో పడ్డాడు. చివరకు 1897 ప్రాంతంలో మేడ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. నిజాం మెచ్చుకుంటే నవాబు కానుకగా ఇచ్చాడనేవారు, అప్పులు తీరే దారిలేక అప్పగించాడనేవారు, రెండు రకాలవారూ ఉన్నారు. కట్టినవాడు సొంతంగా అనుభవించింది కొద్ది ఏళ్లే. 1902లో ఆయన కన్నుమూశాడు.

సాయంత్రం, బస చేసినవారిని వెంట తిప్పి మేడ చూపించారు. గ్రంథాలయం కప్పు చెక్కిన కొయ్యతో చేసింది, ఇంగ్లండులోని విండ్సర్ కోటను చూసి చేయించారట. గవర్నర్ జనరళ్ల పటాలున్న పాలరాతి మెట్లు, షాండ్లియర్లు, బిలియర్డ్స్ బల్ల చూసుకుంటూ భోజనశాలకు వచ్చేసరికి అక్క కాళ్లు నొప్పులంది.

అక్కడ ఉంది అసలు విశేషం. బల్ల పొడవు 108 అడుగులు. ఒకే బంతిన 101 మంది కూర్చుని తినవచ్చు. ఒక కొసన గుసగుసలాడినా రెండో కొసన వినిపిస్తుందని చెబితే, మేనల్లుడు అటు కొసకు పోయి మెల్లగా “అమ్మా, ఆకలైతుందా?” అన్నాడు. అక్కకు వినిపించింది. “కాదురా!” అని ఆమె గట్టిగా అరిచేసరికి హాలంతా మార్మోగింది. ఇద్దరు విదేశీయులు ఉలిక్కిపడి చూశారు. 2017 నవంబరు 28న ప్రధాని మోదీ, అమెరికా అధ్యక్షుడి కుమార్తె ఇవాంకా ట్రంప్ విందారగించింది ఈ బల్ల దగ్గరే.

అక్క ఆ విషయం పట్టించుకోలేదు. బల్ల అంచు మీద చేయి వేసి, “మా ఊరు పైగా ఊరు. మా మామ చిన్నగున్నప్పుడు శిస్తు కట్టలేక ఎడ్లనమ్మిండ్రంట. ఆ పైసలిట్ల వచ్చినయన్నమాట” అంది. వెంట ఉన్న గైడు తెలుగు తెలిసినవాడే. ఏమీ అనలేదు. లెక్క చూస్తే ఆ మామ పుట్టేనాటికి మేడ లేచి చాలా కాలమైంది కానీ, ఆ మాట ఈ విలేకరి కూడా అనలేదు. జాగీరు ఊళ్ల రాబడే కదా పైగా ప్రభువుల సిరి!

మహబూబ్ అలీఖాన్ మాట వేరు. పాము కరిచినవారు ఆయన పేరు తలుచుకుంటే విషం దిగుతుందని జనం నమ్మేవారు. మన పెద్దలూ ఆ మాట చెప్పేవారు. పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది ఆయన పేరు మీదనే. ఆయన 45 ఏళ్లకే 1911 ఆగస్టు 29న ఈ మేడలోనే చనిపోయాడు. తరువాత ఇది అతిథిగృహంగా ఉండిపోయింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశారు. అటుపైన దశాబ్దాలపాటు మూతపడే ఉంది. నిజాం మనుమడు ముకర్రం జా మొదటి భార్య ఎస్రా దగ్గరుండి బాగు చేయించారు. తాజ్ వారితో కలిసి ఆ పనికి సుమారు పదేళ్లు పట్టింది.

బస చేయనివారు కూడా ముందుగా చెప్పి ఉంచుకుంటే భోజనానికో, సాయంత్రం టీకో వెళ్లవచ్చు. అదీ చవక కాదు. ఊరికే చూసిపోదామని వెళితే గేటు దాటనివ్వరు.

రాత్రి వసారాలోంచి చూస్తే నగరమంతా దీపాలే. ఫలానా వెలుగు చార్మినారు అని చూపిస్తే అక్క తలూపింది. మెత్తటి పరుపు మీద నడుం నిలవక తెల్లవారుజాము దాకా కుర్చీలోనే కూర్చుంది.

పొద్దున టీ తెచ్చిన కుర్రవాడు షాద్‌నగర్ వైపు పల్లెవాడు. ఇంటి దగ్గర రెండెకరాలుందట, బోరు ఎండిపోతే ఇటు వచ్చాడట. కొండ కింది బస్తీలో నలుగురు కలిసి ఒక గదిలో ఉంటారు. నెలకోసారి ఫలక్‌నుమాలోనే రైలెక్కి ఊరికి వెళతాడు. “ఆ పెద్ద బల్ల మీద ఎప్పుడన్న తిన్నవా బిడ్డా?” అని అక్క అడిగింది. “తుడుస్తమమ్మా, రోజూ తుడుస్తం” అని నవ్వాడు. అక్క సంచిలోంచి ఇంట్లో చేసిన సకినాల పొట్లం తీసి, అతను వద్దు వద్దంటున్నా చేతిలో పెట్టింది.