మీకు తెలుసా? ఆరో వేలి మీట పది లక్షల అక్షరాల అవతల!
అమెరికాలోని కీ వెస్ట్‌లో, రచయిత హెమింగ్వే ఇంట తిరిగే పిల్లుల్లో చాలావాటికి ముందు కాళ్లకు ఆరేసి వేళ్లుంటాయి. వేళ్ల అమరికను నడిపేది సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు (వీడియో గేమ్ హీరో పేరే!) కాబట్టి లోపం అందులోనే ఉందనుకుంటాం. ఆ జన్యువు మాత్రం చెక్కుచెదరలేదు. మారింది దానికి దాదాపు 10 లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరాన, మరో జన్యువు కడుపులో దాగిన జెడ్‌ఆర్‌ఎస్ అనే మీటలో, ఒకే ఒక్క అక్షరం.

అయితే ఆ మీటకు చోటిచ్చిన జన్యువుదే తప్పు కావచ్చుగా? సబబైన అనుమానమే. కానీ ఎలుకల్లో ఆ మీటను మాత్రమే తీసేస్తే కాళ్లు మొండిగా మిగిలాయి. 2016లో దాని స్థానంలో కొండచిలువ మీటను పెట్టినా అంతే. పాముల్లో చెరిగిపోయిన 17 అక్షరాలను ఆ మీటలో తిరిగి చేర్చగానే ఎలుకలకు మామూలు కాళ్లొచ్చాయి. ఇంతకంటే సాక్ష్యమేం కావాలి? ఇక దూరం సంగతి. సాగదీస్తే ఆ డీఎన్‌ఏ పోగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. అది ఇమిడే కణకేంద్రకం వెడల్పు అందులో యాభయ్యో వంతే. మడతపెట్టిన చీరలో కొంగూ కుచ్చిళ్లూ పక్కపక్కకు చేరినట్టు, ఆ ఇరుకులో మీటా జన్యువూ దగ్గరవుతాయి. మీటపై వాలిన ప్రోటీన్లు అప్పుడు జన్యువును మేల్కొలుపుతాయి. రెండూ తాకి తీరాలా, చేరువైతే చాలా అన్న వాదన మాత్రం శాస్త్రవేత్తల మధ్య ఇంకా తెగలేదు.