గండికోట లోయను ఒక్క ఫోటోలో పట్టాలంటే

దువ్వూరు నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట చూడబోయినవాళ్ళు కోట వెనక బండల అంచుకు చేరగానే ఫోన్ బయటికి తీస్తారు. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారే ఆ లోయ కంటికి ఎంత పెద్దదో ఫోటోలో అంత చిన్నబోతుంది. ఎడమ గట్టు పడితే కుడి గట్టు పడదు. నది పడితే ఆకాశం పడదు. తప్పు తీసినవాళ్ళది కాదు. ఫోన్ ప్రధాన కెమెరా మూల నుంచి మూలకు సుమారు 80 డిగ్రీలే చూస్తుంది. లోయ అంచున నిలబడ్డవాళ్ళ ముందున్న దృశ్యమో, దానికి రెండింతలకు పైమాటే.

ఈ ఇబ్బంది తీరడానికే కొందరు ఫిష్‌ఐ లెన్సు వెంట తెచ్చుకుంటారు. 180 డిగ్రీల మేర దృశ్యం ఒక్క దెబ్బకు ఫ్రేములోకి వస్తుంది. కాకపోతే కొండల అంచులు వంగిపోతాయి, కోటగోడలు ఉబ్బినట్టు కనబడతాయి. చూసినవాళ్ళు ఇది నాసిరకం లెన్సు అనుకుంటారు. కానీ ఆ వంపును లెన్సు తయారుచేసినవాళ్ళు కోరి తెచ్చుకున్నారు.

ఎందుకో తెలియాలంటే కాస్త లెక్క చూడాలి. మన చుట్టూ ఉన్న దృశ్యం గోళంలా పరుచుకుని ఉంది. ఫిల్మైనా సెన్సరైనా చదునుగా ఉంటుంది. గోళాన్ని చదును చేయాలంటే ఏదో ఒకటి వదులుకోక తప్పదు. మామూలు లెన్సు గీతల్ని కాపాడుతుంది, అంటే బయట తిన్నగా ఉన్న గీత ఫోటోలోనూ తిన్నగానే ఉంటుంది. అందుకు చెల్లించే మూల్యం అంచుల దగ్గర తెలుస్తుంది. 8 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న లెన్సు ఈ నియమం పాటించాలనుకుందాం. మధ్య నుంచి 60 డిగ్రీలు పక్కకున్న వస్తువు బొమ్మ సెన్సరు మధ్య నుంచి 14 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. 80 డిగ్రీల దగ్గరున్నది 45 మిల్లీమీటర్లకు పోతుంది. 85 దగ్గర 91 మిల్లీమీటర్లు. సరిగ్గా 90 డిగ్రీలకు, అంటే మన భుజం పక్కన ఉన్న కొండకు, అనంతదూరం! పెద్ద కెమెరాల్లో వాడే ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు కొలత 36 × 24 మిల్లీమీటర్లే కదా.

ఫిష్‌ఐ గీతల్ని వదిలేసి కోణాన్ని పట్టుకుంటుంది. ఎన్ని డిగ్రీలు పక్కకు పోతే బొమ్మ అన్ని వంతులే జరగాలన్నది దాని నియమాల్లో ఒకటి. అదే 8 మిల్లీమీటర్ల లెన్సులో ఇప్పుడు 80 డిగ్రీల వస్తువు 11 మిల్లీమీటర్ల దగ్గర, 90 డిగ్రీలది పన్నెండున్నర దగ్గర ఆగుతాయి. అర్ధగోళమంతా పాతిక మిల్లీమీటర్ల వృత్తంలో ఇమిడిపోయింది. గీతలు వంగింది ఇందుకే. వెలుతురు సంగతిలోనూ లాభముంది. గీతల్ని కాపాడే సాదా లెన్సులో 60 డిగ్రీల దగ్గర వెలుతురు మధ్యలో ఉన్నదాంట్లో పదహారో వంతుకు పడిపోతుంది. ఫిష్‌ఐలో మూలలు అంతగా చీకటిపడవు.

పెళ్ళిలో అల్ట్రావైడ్‌తో తీసిన గ్రూపు ఫోటో ఉంటే ఒకసారి చూడండి. చివరన నిలబడ్డ మేనమామ ముఖం పక్కకు సాగి ఉంటుంది. గీతల్ని తిన్నగా ఉంచినందుకు పడ్డ జరిమానా అది. 60 డిగ్రీల దగ్గర ముఖం ఎత్తుకంటే వెడల్పు రెండింతలు సాగుతుంది. ఫోన్‌లో అల్ట్రావైడ్ లెన్సు తెచ్చిన వంపును లోపలి సాఫ్ట్‌వేరు గుట్టుగా తిన్నగా చేసి మనకు చూపిస్తుంది. గోడలు బాగుపడతాయి, మేనమామ బలైపోతాడు.

ఫిష్‌ఐ అనే పేరు 1906లో అమెరికా భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ పెట్టాడు. నీళ్ళలో నుంచి పైకి చూస్తే లోకం ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఆయన కెమెరాలో నీళ్ళే నింపాడు. ఆ సూత్రం మన బావుల్లోనూ పనిచేస్తుంది. నిలకడగా ఉన్న నీళ్ళలో మునిగి వెల్లకిలా పైకి చూస్తే ఆకాశం, గట్టు, గట్టు మీద నుంచి తొంగిచూసే పిల్లలు, అన్నీ ఒక గుండ్రటి కిటికీలో కనబడతాయి. గాలిలో నుంచి నీళ్ళలోకి దిగే కాంతి నిలువుగీత వైపు వంగుతుంది. దిగంతం నుంచి అడ్డంగా వచ్చిన కాంతి కూడా నీళ్ళలో నిలువుకు 48.6 డిగ్రీల వాలులోనే వస్తుంది. కాబట్టి పైనున్న 180 డిగ్రీల లోకమంతా 97 డిగ్రీల వృత్తంలో సర్దుకుంటుంది. ఆ వృత్తం బయట నీటి పైపొర అద్దంలా మారి బావి లోపలి చీకటినే తిప్పి చూపిస్తుంది. ఉత్త కళ్ళకు ఇదంతా మసకగా ఉంటుంది. చదునైన అద్దమున్న ఈత కళ్ళజోడు పెట్టుకుని నేరుగా పైకి చూస్తే మసక పోతుంది గానీ, అద్దం వెనకున్న గాలిలోకి వచ్చిన కాంతి మళ్ళీ వెనక్కి వంగి ఆ కుదింపూ పోతుంది. వుడ్ కెమెరాలో నీళ్ళెందుకు నింపాడో ఇప్పుడు తెలిసిందిగా.

నీళ్ళ పని గాజుకు అప్పజెప్పింది మబ్బుల్ని లెక్కపెట్టేవాళ్ళు. 1924లో బ్రిటన్‌లో రాబిన్ హిల్ ఆకాశమంతా ఒక్కసారే పట్టే లెన్సు రూపొందించాడు. 1959 నాటికి వృక్షశాస్త్రవేత్తలు దాన్ని అడవి నేల మీద పైకి తిప్పిపెట్టి, ఆకుల సందుల్లోంచి ఎంత వెలుగు దిగుతోందో కొలిచారు. 1962లో నికాన్ మామూలు కెమెరాకు బిగించే 8 మిల్లీమీటర్ల ఫిష్‌ఐ అమ్మకానికి తెచ్చింది. లెన్సు వెనక భాగం కెమెరాలోకి ఎంత చొచ్చుకుపోయేదంటే, లోపలి అద్దాన్ని పైకెత్తి కట్టేస్తే తప్ప బిగించడం కుదిరేది కాదు. ఆ తర్వాత అదే కంపెనీ 220 డిగ్రీలు చూసే 6 మిల్లీమీటర్ల లెన్సు చేసింది. బరువు 5 కిలోలకు పైనే. తన వెనక ఉన్నవాటినీ కొంత చూసే లెన్సది! మన దగ్గరికి వస్తే, తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఫిష్‌ఐ కెమెరాతో రాత్రి ఆకాశాన్ని తీస్తారు. సుమారు 80 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తున గాలి పొరలు వెలువరించే సన్నటి వెలుగులో అలలు ఎలా కదులుతున్నాయో చూడడానికి.

లెన్సు కొనకుండా సాఫ్ట్‌వేరుతో ఇది సాధ్యం కాదా? ఇక్కడే చాలామంది మోసపోతారు. ఫోటోషాప్‌లోనో జింప్‌లోనో మామూలు ఫోటోను ఉబ్బించే ఫిల్టర్లున్నాయి. గీతలు వంగుతాయి, చూపు మాత్రం పెరగదు. లెన్సు చూసింది 80 డిగ్రీలే అయితే ఉబ్బించాక కూడా అంతే, మూలలు కత్తిరిస్తే ఇంకా తక్కువ. దాన్ని ఫిష్‌ఐ అనడం నాకు మనసొప్పదు, ఫ్లెక్సీల మీద ముచ్చటకు పనికొస్తుందేమో.

అసలైన దారి ఫోటోలు కుట్టడం. ఒకేచోట నిలబడి ఎడమ నుంచి కుడికి, పైకీ కిందికీ వరసగా ఫోటోలు తీయాలి. ప్రతి ఫోటోలో మూడో వంతు పక్కదానితో కలవాలి. ఎక్స్‌పోజరు, ఫోకసు మార్చకూడదు. ముఖ్యంగా, మీరు మీ చుట్టూ తిరగకుండా ఫోన్‌నే లెన్సు ఉన్నచోట తిప్పాలి. లేకపోతే దగ్గరి కోటగోడకీ దూరపు గట్టుకీ లంకె కుదరక అతుకులు బయటపడతాయి. ఆ ఫోటోల్ని హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో వేసి, ఫిష్‌ఐ నియమం ఎంచుకుంటే నిజమైన ఫిష్‌ఐ ఫోటో వస్తుంది. పైగా ఇష్టం లేకపోతే నియమం మార్చుకోవచ్చు. స్టీరియోగ్రాఫిక్ అన్నది ఎంచుకుంటే అంచున ఉన్న మనిషి పెద్దగా కనబడతాడేమో గానీ ముఖం ఆకారం చెడదు. కదిలే జనం ఉన్నచోట ఈ పద్ధతి పనికిరాదు, ఒకే మనిషి రెండుచోట్ల తేలతాడు. ప్రొద్దుటూరు దసరా ఊరేగింపుకు లెన్సే కావాలి.

లెన్సుతో తీసినా కుట్టినా ఒక్కటి గుర్తుంటే చాలు: ఫ్రేము నట్టనడుమ గుండా పోయే గీత వంగదు. దిగంతాన్ని సరిగ్గా మధ్యకు తెస్తే లోయ అవతలి గట్టు తిన్నగా ఉంటుంది. పెన్న కనబడాలని కెమెరా కిందికి వంచితే దిగంతం పైకి జరిగి గుమ్మటంలా ఉబ్బుతుంది. ఆకాశం వైపు ఎత్తితే గిన్నెలా లోపలికి కుంగుతుంది. లోయ తనంతట తానే వంకర తిరిగింది కాబట్టి ఎంత వంచినా ఒప్పుకుంటుంది. మాధవరాయస్వామి ఆలయ గోపురం, జుమ్మా మసీదు మీనార్లు మాత్రం ఒప్పుకోవు, వాటిని నిలువునా మధ్యలో ఉంచాల్సిందే. ఆలయ మంటపంలో కెమెరాను నేలమీద పెట్టి పైకి చూపిస్తే స్తంభాలన్నీ చుట్టూ నిలిచి పైకప్పు మధ్యకు వాలినట్టు వస్తాయి. నా మటుకు గండికోటలో ఫిష్‌ఐకి లోయకంటే ఇదే తగిన చోటు.

చివరిగా ఒక్క మాట. ఈ లెన్సులో రెండడుగుల దూరంలో ఉన్న బండ అంచు రెండు గజాల దూరంలో ఉన్నట్టు కనబడుతుంది. గండికోట లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. కెమెరాలో చూస్తూ ఒక్క అడుగు కూడా వేయకండి. జరగాలనుకుంటే ముందు కెమెరా దించి, కంటితో నేల చూసుకుని, అప్పుడు జరగండి.