అరుగు మీది ఆనందాలు



పైసా ఖర్చు లేని సంతోషాలు కొన్ని మన పాత ఇళ్లలో ఉండేవి. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, సిరొంచలో ఉన్నా, యానాంలో ఉన్నా తెలుగింటి పెద్దలు వాటిని ఎరుగుదురు. వాటిలో మూడింటిని గురించి ఈవేళ ముచ్చటించుకుందాం.

మొదటిది అరుగు. వీధి గుమ్మానికి ఇరుపక్కలా, చూరు నీడన కట్టిన ఎత్తయిన దిమ్మ. తమిళులు దీన్ని తిణ్ణై అంటారు, కన్నడిగులు జగలి అంటారు. మందపాటి మట్టిగోడ పగటి ఎండను నెమ్మదిగా పీల్చుకుంటుంది, పొద్దుగూకిన తరువాత ఆ వేడిని నెమ్మదిగా గదిలోకి వదులుతుంది. అందుకే వేసవి సాయంత్రం లోపల ఉక్క, బయట హాయి. వాకిట్లో నీళ్లు చల్లి అరుగు మీద కూర్చుంటే గాలీ వచ్చేది, దారిన పోయే మనిషీ వచ్చేవాడు. "భోజనాలయ్యాయా పెదనాన్నా?" అన్న ఒక్క పలకరింపుతో వీధి వీధంతా చుట్టరికం కలిసేది.

రెండోది చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నం చల్లారగానే కుండలో వేసి, మంచినీళ్లు పోసి మూత పెడతారు. తెల్లవారేసరికి కంటికి కనబడని సూక్ష్మజీవులు అందులోని పిండిపదార్థాన్ని కొంత పులియబెడతాయి. మజ్జిగకు వచ్చే పులుపే ఇక్కడా వస్తుంది. అందులో ఉప్పు వేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే ఎండలో పనికి వెళ్లే మనిషికి కడుపు చల్లన. ఒడియావారి పఖాళ, తమిళుల పళయ సాదం దీనికి తోబుట్టువులే. ఒక్క జాగ్రత్త: కుండ, నీళ్లు శుభ్రంగా ఉండాలి. జిగురు వచ్చినా, చెడు వాసన వచ్చినా పారబోయాలి.

మూడోది అష్టాచమ్మా. నేల మీద సుద్దతో వరుసకు ఐదు చొప్పున ఐదు వరుసలు, మొత్తం 25 గళ్లు గీస్తారు. కన్నడ సీమలో దీన్ని చౌకాబారా అంటారు. నాలుగు గవ్వలు వేస్తే నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. గవ్వ రెండు వైపులా సమంగా పడుతుందనుకుంటే, 16 సార్లకు సగటున ఒక్కసారి చమ్మ, ఒక్కసారి అష్ట పడతాయి. రెండు పడేది మాత్రం 16లో 6 సార్లు. అందుకే అష్ట పడితే అంత కేక! గళ్లన్నీ తిరిగి నడిమి గడి చేరిన కాయను "పండింది" అంటాం. కాయ పండటం! ఎంత చక్కని మాటో చూడండి.

ఇంతకూ ఈ పాత ముచ్చట్లు ఇప్పుడెందుకంటారా? 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు, 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరినప్పుడు, 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఎల్లలు మారాయి. మన ఇళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మన పిల్లల్లో చాలామంది బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుకుంటున్నారు. బాగా చదువుకోవలసిందే. అది ఇరుగుపొరుగు భాష, బతుకు నిలిపే భాష. కాని చూరు, అరుగు, చద్ది, తరవాణి, గవ్వ, కాయ పండటం వంటి మాటలు ఏ వాచకమూ కూర్చోబెట్టి నేర్పదు. తింటూ, ఆడుతూ నేర్చుకోవలసినవి అవి. ఆట ఆగిపోతే మాటా ఆగిపోతుంది. అవ్వ తరంతో ఆగిపోయిన మాటను మళ్లీ తెచ్చుకోవడం కష్టం.

అందుచేత వచ్చే ఆదివారం ఒక పని చేయండి. అరుగు లేకపోతే వరండా చాలు, అదీ లేకపోతే డాబా మీద చాప చాలు. గవ్వలు దొరకకపోతే నాలుగు చింతపిక్కలను ఒకవైపు తెల్లగా వచ్చేదాకా అరగదీయండి. మనవలను చుట్టూ కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క నియమం పెట్టండి: ఎంత పడిందో గట్టిగా తెలుగులో చెప్పాలి. మొదట తడబడతారు. నవ్వకండి, కోప్పడకండి. రెండో ఆటకు వాళ్లే "అష్ట!" అని కేక వేస్తారు. ఆ కేక పక్కింటి పిల్లలకు వినబడితే వాళ్లనూ పిలవండి. వాళ్ల ఇంటి భాష ఏదైనా సరే, ఆటలో చోటుంటుంది.