అంగడి చీటీలో గుండె లెక్క
నూనె, ఉప్పు బేరంలో గృహస్థులు గమనించవలసినవి

హిందూపురం: చింతపండుకు, ఎండుమిర్చికి పేరున్న హిందూపురం మార్కెట్ యార్డులో కరిపులి ఏదో, ఫ్లవర్ రకం ఏదో తేల్చుకోనిదే వర్తకుడు ధర చెప్పడు. ముందు నాణ్యం, తరువాత తూకం, ఆపైన ధర. ఇదే పద్ధతి ఇంటి సరుకుల చీటీ రాసేటప్పుడు పాటించేవారు తక్కువ. ముఖ్యంగా నూనె, ఉప్పు విషయంలో. గుండె జబ్బుల నివారణకు పోషకాహార నిపుణులు చెప్పే సలహాల్లో పెద్ద భాగం ఈ రెండు సరుకుల తూకం చుట్టూనే తిరుగుతున్నది.

గుండెపోటు పట్నవాసుల జబ్బు అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలను పరిశీలించగా, నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే సంభవించినట్లు తేలింది. పల్లెల్లోనే ఈ పరిస్థితి కాగా, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి పట్టణాలు నిశ్చింతగా ఉండడానికి వీలులేదు.

శెనగనూనె దోషం ఎంత?

వేరుశనగ పండించే ఈ సీమలోనే శెనగనూనె గుండెకు చెరుపనే మాట వినిపిస్తుంటుంది. వాస్తవం వేరు. శెనగనూనెలో సంతృప్త కొవ్వు సుమారు ఐదో వంతు మాత్రమే. మిగిలినదంతా గుండెకు అంత హాని చేయని అసంతృప్త కొవ్వు. పామోలిన్‌లో సంతృప్త కొవ్వు సగానికి దగ్గరగా ఉంటుంది. ఇక ప్యాకెట్లపై 'కొలెస్ట్రాల్ లేదు' అని అచ్చువేయడం అమ్మకపు మాటే. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ చెప్పుకోదగినంత ఉండదు.

అయినా చౌక సరుకుకే గిరాకీ ఎక్కువ. 2013 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 'అమ్మహస్తం' పథకం కింద రేషన్ దుకాణాల్లో 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో పామోలిన్ కూడా ఒకటి. 2025 మే నెలాఖరులో కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించింది. దిగుమతి నూనె చౌక అయినకొద్దీ గృహిణి చెయ్యి ధారాళమవుతుంది, వేరుశనగ రైతుకు గిరాకీ సన్నగిల్లుతుంది.

బిల్లు పెరగకుండానే

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, కూర్చుని పనిచేసే పెద్దవారికి రోజుకు 20 నుంచి 25 గ్రాములు, ఓ మోస్తరు శ్రమ చేసేవారికి 25 నుంచి 30 గ్రాముల నూనె చాలు. తలకు సగటున 25 గ్రాములు వేసుకున్నా నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోలు. లీటరు నూనె తూకం సుమారు 910 గ్రాములు కనుక ఇది దాదాపు 3.3 లీటర్లు.

నెలకు 5 లీటర్ల పామోలిన్ వాడే ఇల్లు ఈ లెక్కకు దిగివస్తే, లీటరుకు ఒకటిన్నర రెట్లు ధర పెట్టి శెనగనూనె కొన్నా అంగడి బిల్లు పెరగదు. అటు గుండెకూ, ఇటు రైతుకూ మేలే. అయితే శెనగనూనె మంచిదని ధారగా పోసుకుంటే ప్రయోజనం లేదు. ఏ నూనెలోనైనా గ్రాముకు 9 కేలరీలే. ఒకే నూనెకు అంటిపెట్టుకోక రకాలు మార్చి వాడమని కూడా నిపుణులు సూచిస్తున్నారు.

ధర్మవరంలో పొద్దస్తమానం మగ్గం గుంతలో కూర్చుని నేసేవారు, అంగళ్లలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు ఈ లెక్కలో కింది మెట్టునే గుర్తుంచుకోవాలి. సేద్యం చేసి సంకటి తిన్న తాతల కొలత వారికి వర్తించదు.

మరిగిన నూనె

పెనుకొండ వద్ద జాతీయ రహదారి మీద రాకపోకలు ఎక్కువ. 2019లో ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించాక బయట తినే అవసరం మరింత పెరిగింది. ఉగ్గానికి తోడు బజ్జీ ఉండవలసిందే. చిక్కల్లా బాణలిలోని నూనెతోనే. పదే పదే మరిగిన నూనెలో పుట్టే టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం మించితే ఆ నూనె వాడరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన 2018 జులై 1 నుంచి అమలులో ఉంది. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతానికి మించరాదన్న నిబంధన 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టి, తొందరగా పొగలు కక్కే నూనెను చూసి బేరం మానుకోవడం కొనుగోలుదారు చేతిలో పని.

ఉప్పు ప్యాకెట్ 50 రోజులు

ఉప్పు విషయంలో లెక్క ఇంకా సులువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా రోజుకు తలకు 5 గ్రాముల లోపే. నలుగురికి కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలన్నమాట. ఊరగాయ, అప్పడం, మిక్చర్‌లలోని ఉప్పు కూడా ఇందులోనే జమ. 2017లో వెలువడిన ఒక పరిశీలనలో ఆంధ్రప్రదేశ్‌లో సగటు వాడకం 9 గ్రాములు దాటినట్లు తేలింది. ఉప్పు పెరిగితే రక్తపోటు, రక్తపోటు పెరిగితే గుండెపోటు, పక్షవాతాల ముప్పు పెరుగుతాయి.

ఇందులో హిందూపురం సరుకుకు దోషం అంటగట్టనక్కరలేదు. చింతపండు, మిరప తొక్కుల్లో ముప్పు వాటితో కలిపే ఉప్పుదే. పైగా పులుపు, కారం తగుపాటిగా ఉంటే ఉప్పు తగ్గినా కూర చప్పగా తోచదు. రాగులు, ఉలవలు, కందులు, ఆకుకూరలు చీటీలో పైకి రావాలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత సంకటి వెనకబడిన ఇళ్లు దానిని మళ్లీ తలచుకోవచ్చు.

ఈ మూడు పట్టణాలున్న శ్రీ సత్యసాయి జిల్లా కేంద్రం పుట్టపర్తిలో 1991 నవంబర్‌లో ప్రారంభమైన ఆసుపత్రి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నది. ఆపరేషన్‌కు ఖర్చు లేకపోవచ్చు, కానీ పోయిన పనిదినాలు, ఇంటిల్లిపాది ఆందోళన ఏ పద్దులోనూ తిరిగి జమ కావు. వచ్చే నెల చీటీ రాసేటప్పుడు నూనె, ఉప్పు ఎదుట అంకె వేసే ముందు ఒక్క నిమిషం ఆగడం లాభసాటి బేరమే.