మన్ను ఇచ్చిన మందు

అనంతపురం జిల్లా శింగనమల ప్రాంతమున మండువేసవి గడచి తొలకరి జల్లు పడినప్పుడు ఎఱ్ఱనేలనుండి కమ్మని వాసన యొకటి లేచును. వానకై ఆకాశమువంక చూచిచూచి అలసిన రైతునకు అంతకు మించిన పరిమళము లేదు. ఆ వాసనకు ముఖ్యకారణము జియోస్మిన్ అను పదార్థము. దానిని తయారుచేయునది నేలలో నివసించు స్ట్రెప్టోమైసిస్ అను బాక్టీరియాజాతి. కంటికి కానరాని ఈ జాతియే మానవునకు ప్రాణము పోయు మందులను కూడ ప్రసాదించినది.

ఆ మందుల చరిత్రలో ఒక తెలుగువాని పేరు చిరస్మరణీయము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, తోబుట్టువులు స్ప్రూ వ్యాధికి బలియగుట కన్నులార చూచెను. మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, 1923లో అమెరికా చేరి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించి అచటి పరిశోధనలకు అధిపతి అయ్యెను. ఆయన ఆధ్వర్యమున బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు నానా ప్రదేశములనుండి తెప్పించిన మట్టిని పరీక్షించుచుండెను. మిసోరి రాష్ట్రపు పొలమునుండి వచ్చిన మట్టిలో పసిడి వన్నెగల స్ట్రెప్టోమైసిస్ ఒకటి దొరకినది. దానినుండి పుట్టిన ఆరియోమైసిన్ 1948 జూలైలో లోకమునకు వెల్లడియైనది. మఱుసటి నెలలోనే సుబ్బారావు 53వ యేట కన్నుమూసెను. ఆరియోమైసిన్ కుటుంబమునకు చెందిన టెట్రాసైక్లిన్, 1994లో సూరతు నగరమున ప్లేగు భయము వ్యాపించినప్పుడు వేలాది ప్రజలకు అండగా నిలిచినది.

ఈ మందులు బాక్టీరియాలో మాంసకృత్తుల తయారీని అడ్డగించును. అది నిలిచిన పిమ్మట బాక్టీరియా పెరుగజాలదు. అయితే ఆయుధమును సృష్టించిన నేలయే కవచమును కూడ సృష్టించినది. కెనడాలో 30 వేల సంవత్సరములుగా గడ్డకట్టియున్న నేలయందు టెట్రాసైక్లిన్‌ను ఎదిరించు జన్యువులు కలవని 2011లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. కొన్ని బాక్టీరియాలు తమలో ప్రవేశించిన మందును బయటకు తోడివేయును. అంతేకాదు, ఆ విద్యను పొరుగు బాక్టీరియాకు సైతము అందింపగలవు. మనము మందును విచ్చలవిడిగా వాడినకొలది లొంగునవి నశించి, లొంగనివి మిగిలి వృద్ధిపొందును. పెనిసిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే తన నోబెల్ ఉపన్యాసమున ఈ ప్రమాదమును గూర్చి హెచ్చరించెను.

ఈ ముప్పు దూరదేశములకే పరిమితము కాదు. హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరులో, ఔషధకర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడిచిన నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో పరిశోధకులు ప్రకటించిరి. అది చికిత్స పొందు రోగి రక్తములో నుండు పరిమాణమునకు మించినది! మందులకు లొంగని బాక్టీరియావలన 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని అంచనా.

మఱి మనము చేయవలసిన దేమి? జలుబు వైరస్‌వలన వచ్చును. దానికి ఈ మందులు పనికిరావు. వైద్యుని సలహా లేక వీనిని కొని మ్రింగరాదు. ఒకరికి వ్రాసిన మందు మఱియొకరు వాడరాదు. చెప్పిన మోతాదును, చెప్పిన దినములను పాటింపవలయును. చేతులు శుభ్రముగా కడుగుకొనుట, మంచినీరు త్రాగుట, టీకాలు వేయించుకొనుట అను అలవాట్లవలన వ్యాధియే రాకుండిన, మందుతో అవసరమే కలుగదు.

కరవుసీమలోని చెరువునీటి విలువ శింగనమలవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. పూర్వము నీరుగంటి తూము తెఱచి, వంతులవారీగా ప్రతి మడికి నీరు పారించెడివాడు. ఒకడు అక్కఱ లేకున్నను గండికొట్టినచో ఎండునది అందఱి పైరును. ఈ మందులును అట్టి ఉమ్మడి చెరువే. నేడు అనవసరముగా మ్రింగిన మాత్ర, రేపు పొరుగింటి పసిబిడ్డకు ప్రాణము దక్కింపవలసిన మందును నిర్వీర్యము చేయవచ్చును. తొలకరి వాసన సోకినప్పుడెల్ల తరగతిలోని విద్యార్థులకు ఉపాధ్యాయులు ఈ సంగతి చెప్పుదురుగాక.