అద్దే చేయి, మెత్తే చేయి

1874 ఏప్రిల్ 15న పారిస్‌లోని బులెవార్ దె కాపుసీన్ వీధిలో, 35వ నంబరు భవనంలో ఒక చిత్రకళా ప్రదర్శన మొదలైంది. ఆ గదులు అంతకుముందు ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ నాడార్ స్టూడియో. టికెట్టు ఒక ఫ్రాంకు, కేటలాగు అర ఫ్రాంకు. పగలు 10 నుంచి 6 దాకా తెరిచి, మళ్లీ రాత్రి 8 నుంచి 10 దాకా గ్యాస్ దీపాల వెలుగులో చూపించేవారు. దీని వెనుక ప్రభుత్వం లేదు, అకాడమీ లేదు, వ్యాపారీ లేడు. చిత్రకారులే చందాలు వేసుకుని నడుపుకున్నారు. ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శనగా చరిత్రకెక్కింది ఇదే. అందులో క్లోద్ మొనే పెట్టిన సూర్యోదయం బొమ్మ గురించి లోకమంతా చెప్పుకుంది. అదే ప్రదర్శనలో పాల్గొన్న మరో ఇద్దరు ప్రకృతి దృశ్య చిత్రకారుల కథ కూడా అంతే చెప్పుకోదగ్గది. ఒకరు కామీ పిస్సారో, ఇంకొకరు పాల్ సెజాన్.

ఆ రోజుల్లో ఫ్రాన్సులో చిత్రకారుడికి పేరు రావాలన్నా, బొమ్మ అమ్ముడుపోవాలన్నా సలోన్ ఒక్కటే దారి. అది ప్రభుత్వ ఆశ్రయంలో జరిగే పెద్ద ప్రదర్శన. ఏ బొమ్మ లోపలికి రావాలో న్యాయనిర్ణేతల సంఘం తేల్చేది. లోపలికి వచ్చినా కష్టమే. నేల నుంచి కప్పు దాకా వరసలు వరసలుగా తగిలించేవారు, పైవరసలోకి పోయిన చిన్న బొమ్మ ఎవరి కంటా పడేది కాదు. పురాణగాథలకూ యుద్ధాలకూ ఉన్న గౌరవం ఓ ఊరి బాటకో, దున్నిన చేనుకో ఉండేది కాదు. సెజాన్ బొమ్మలను ఆ సంఘం ఏళ్ల తరబడి తిప్పికొట్టింది. జీవితం మొత్తంలో ఆయనకు సలోన్‌లో చోటు దొరికింది ఒక్కసారే, 1882లో.

దీనికి విరుగుడుగా 1873 డిసెంబరు 27న కొందరు కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు. సభ్యత్వం ఏడాదికి 60 ఫ్రాంకులు, లేదా నెలకు 5. హక్కులు అందరికీ సమానం. న్యాయనిర్ణేతలు ఉండరు. అమ్మిన బొమ్మపై పదో వంతు సంఘానికి. బొమ్మలను సైజుల వారీగా విడదీసి, ఎవరిది ఎక్కడ వేలాడాలో చీటీలు తీసి నిర్ణయించాలి. ఈ నియమాల కోసం అందరికంటే ఎక్కువగా తపించింది పిస్సారో. తానుంటున్న పొంత్వాజ్ పట్టణంలో రొట్టెలు కాల్చేవాళ్ల సంఘానికి ఉన్న నిబంధనావళిని చదివి, దాన్నే నమూనాగా తెచ్చాడు. ఇన్ని నియమాలెందుకని తోటి చిత్రకారుడు రెన్వార్ అభ్యంతరం చెప్పాడు. రొట్టెల కార్మికులు ఒకరి పొట్ట ఒకరు కొట్టకుండా బతకగలిగినప్పుడు చిత్రకారులు ఎందుకు బతకలేరన్నదే పిస్సారో పట్టు అనుకోవాలి.

నిజానికి పిస్సారోకు ఈ సాహసం అవసరం కూడా కాదు. అప్పటికే సలోన్ ఆయన బొమ్మలను చాలాసార్లు తీసుకుంది. విమర్శకుడు తెయొదోర్ దురే ఆయనకు ఉత్తరం రాసి మరీ హెచ్చరించాడు: సలోన్‌కే వెళ్లు, నలుగురి కంటా పడేది అక్కడే అని. పిస్సారో వినలేదు. తాను చేరడమే కాదు, సెజాన్‌ను కూడా చేర్చాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ మొరటు బొమ్మలు చూసి జనం మొత్తం ప్రదర్శనకే దూరమవుతారని సభ్యుల్లో కొందరి భయం. న్యాయనిర్ణేతలు వద్దని పుట్టిన సంఘం, తన తలుపు దగ్గర తానే న్యాయనిర్ణేతగా నిలబడబోయిన క్షణమది. పిస్సారో అక్కడ వెనక్కి తగ్గి ఉంటే ఆ సంఘానికి అర్థమే మిగిలేది కాదు.

ఇదంతా జరుగుతున్నప్పుడే ఆయన ఇంట్లో పెద్ద దుఃఖం. ప్రదర్శన మొదలవడానికి తొమ్మిది రోజుల ముందు, ఏప్రిల్ 6న, ఎనిమిదేళ్ల కూతురు జాన్ చనిపోయింది.

పిస్సారో, సెజాన్‌ల పరిచయం 1861 ప్రాంతంలో పారిస్‌లోని అకాడెమీ స్విస్ అనే చోట మొదలైంది. పిస్సారో 1830లో కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవిలో పుట్టాడు. సెజాన్ ఆయనకంటే తొమ్మిదేళ్లు చిన్న, దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ పట్టణంలో బ్యాంకరు కొడుకు. ఇద్దరి యాసలూ పారిస్‌వి కావు. 1872లో సెజాన్ తన సహచరితో, బిడ్డతో పొంత్వాజ్ వచ్చాడు, తర్వాత పక్కనే ఉన్న ఓవేర్‌కు మారాడు. కాలినడకన వెళ్లి పిస్సారోతో కలిసి ఆరుబయట బొమ్మలు వేసేవాడు.

అంతకుముందు సెజాన్ బొమ్మల నిండా నలుపు, ఆవేశం, హత్యలు, పీడకలలు. పిస్సారో చెప్పిన పాఠం చాలా తేలిక: నలుపు వదిలెయ్, మూడు మూల రంగులూ వాటి నుంచి పుట్టే రంగులూ చాలు, ఎదుట కనబడుతున్నదాన్ని చూడు. లూవ్‌సియెన్ ఊరిని పిస్సారో వేసిన బొమ్మను సెజాన్ అరువు తెచ్చుకుని, కాస్త చిన్న సైజులో నకలు వేశాడు. అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్లు. ఆ వయసులో మళ్లీ ఓనమాలు దిద్దడానికి ఎంత వినయం కావాలి! అయినా నకలు నకలుగా మిగల్లేదు. పిస్సారో దగ్గర మెత్తగా కరిగిన గోడలు సెజాన్ దగ్గర గట్టిపడ్డాయి. ఇద్దరూ పని చేస్తుండగా చూసిన ఓ రైతు అన్న మాటను పిస్సారో ఇంటివాళ్లు గుర్తుంచుకున్నారు: పిస్సారో అద్దుతున్నాడు, సెజాన్ మెత్తుతున్నాడు అని. వాళ్లపై వచ్చిన మొదటి సరైన కళావిమర్శ బహుశా ఇదే.

పిస్సారో ఆ ప్రదర్శనలో అయిదు ప్రకృతి దృశ్యాలు పెట్టాడు. వాటిలో ఒకటి 'తెల్ల మంచు', 1873లో వేసింది. దున్నిన చేను, చాళ్ల మీద తెల్లగా పేరుకున్న మంచు, వీపున పుల్లలమోపుతో బాట వెంట నడుస్తున్న ముసలాయన. ఇంతే. కానీ ఆ చేనుకు అడ్డంగా పొడవాటి నీడలు పడుతుంటాయి. అవి చెట్ల నీడలు. ఆ చెట్లు మాత్రం బొమ్మలో ఎక్కడా కనబడవు, చట్రానికి బయట ఉన్నాయి. ఎండ ఎటునుంచి వస్తోందో, పొద్దు ఎంత ఎక్కిందో ఆ నీడలే చెబుతాయి. పిస్సారోను మెచ్చుకున్న విమర్శకుడు కాస్తాన్యరీ కూడా దీన్ని పెద్ద తప్పుగా ఎంచాడు. కనబడని చెట్టుకు నీడ వేయడమేమిటన్నది ఆయన అభ్యంతరం. ఆ బొమ్మకు ప్రాణం అక్కడే ఉంది. చూసేవాడిని చేను గట్టు మీద నిలబెట్టి, వెనక్కి తిరిగితే చెట్లు కనబడతాయన్న నమ్మకం కలిగించేది ఆ నీడలే.

సెజాన్ పెట్టినవి మూడు. వాటిలో 'ఉరిపడినవాడి ఇల్లు' ఓవేర్‌లోని ఒక ఇంటిది. పేరు అలా ఉన్నా, అక్కడెవరూ ఉరేసుకున్న దాఖలా లేదు. పిస్సారో బొమ్మకంటే చిన్నది, వెడల్పు సుమారు 66 సెంటీమీటర్లు. రెండు ఇళ్ల మధ్య నుంచి దిగిపోయే బాట, ఆకులు లేని చెట్లు, దూరంగా లోయలో నీలి కప్పులు. మనిషి జాడ లేదు. బాట మనల్ని లోపలికి పిలిచినట్టే పిలిచి, ఇళ్ల మధ్య మలుపులో మాయమవుతుంది. రంగు మందంగా, గరుకుగా, కొన్నిచోట్ల రంగులు కలిపే కత్తితోనే పూసినట్టుంటుంది. ఇల్లూ, రాయీ, నేలా ఒకే పదార్థంతో కట్టినట్టు అనిపిస్తాయి. పిస్సారోకు గాలీ వెలుతురూ కావాలి. సెజాన్‌కు బరువు కావాలి. ఒకే ప్రాంతం, ఒకే ఏడాది, ఒకే రకం రంగులు. ఫలితాల్లో ఇంత తేడా.

పత్రికలు కొన్ని ఆదరించాయి, కొన్ని ఆడిపోసుకున్నాయి. ఏప్రిల్ 25న 'ల షారివారి' పత్రికలో లూయీ లెరువా ఒక కల్పిత సంభాషణ రాశాడు. అందులో ఓ ముసలి చిత్రకారుడు పిస్సారో చేనును చూసి, పాలెట్ మీద గీకిన రంగు ముద్దలను మురికి కాన్వాసుపై పూశారంటాడు. అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నది సెజాన్, అదీ ముఖ్యంగా 'ఆధునిక ఒలింపియా' అనే మరో బొమ్మకు.

నెల రోజుల్లో సుమారు 3,500 మంది వచ్చారు. డిసెంబరులో లెక్కలు చూస్తే ఒక్కో సభ్యుడి మీద 184 ఫ్రాంకుల 50 సెంతీమ్‌ల బాకీ తేలింది. సంఘాన్ని రద్దు చేశారు. అంత నష్టంలోనూ ఒక మంచి జరిగింది: 'ఉరిపడినవాడి ఇల్లు'ను కౌంట్ దోరియా అనే సేకరణకర్త కొన్నాడు. ఎవరూ కోరరని తోటివారిలో కొందరు భయపడిన చిత్రకారుడికి అది చిన్న ఊరట కాదు.

సంఘం రద్దయినా, ఈ తొలి ప్రదర్శనతో కలిపి 1886 దాకా ఈ బృందం మొత్తం ఎనిమిది ప్రదర్శనలు జరిపింది. ఎనిమిదింటిలోనూ పాల్గొన్నది పిస్సారో ఒక్కడే. సెజాన్ మాత్రం 1877 తర్వాత మళ్లీ రాలేదు. ఎక్స్‌కు వెళ్లి అక్కడి కొండను తాను వేసుకున్నాడు. పిస్సారో 1903లో కన్నుమూశాడు. అప్పటికి సెజాన్ పేరు యువ చిత్రకారుల్లో మారుమోగుతోంది. అయినా 1906లో, తాను చనిపోయిన ఏడాది, సొంతూరి ప్రదర్శన కేటలాగులో తన పేరు పక్కన 'పిస్సారో శిష్యుడు' అనే వేయించుకున్నాడు.

'తెల్ల మంచు', 'ఉరిపడినవాడి ఇల్లు' రెండూ ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. పిల్లల దగ్గరికో, విహారానికో అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు మొనే, వాన్ గో గదుల్లో ఫొటోలు తీసుకుని వచ్చేయకండి. ఈ రెండు బొమ్మల ముందు కాసేపు ఆగండి. ఒకదాన్ని చూసి వెంటనే రెండోదాని దగ్గరికి వెళ్లండి. పక్క ఊళ్లలో ఉండి, కలిసి పని చేసిన ఇద్దరు లోకాన్ని ఎంత వేరువేరుగా చూశారో మీకే తెలుస్తుంది.