డొక్కు కారు ఎక్కడ పుడుతుంది?

ప్రపంచంలోకెల్లా చెత్త కార్లు ఏవంటూ జాబితాలు తరచూ వస్తుంటాయి. వాటిలో బాగా పేరు పడినది 2007లో టైమ్ పత్రిక వేసిన 50 కార్ల జాబితా. విమర్శకుగాను పులిట్జర్ బహుమతి అందుకున్న డాన్ నీల్ దాన్ని కూర్చాడు. చూపులకు బాగాలేని పాంటియాక్ ఆజ్‌టెక్, అంత ప్రచారం చేసినా అమ్ముడుపోని ఫోర్డ్ ఎడ్సెల్, వెనక నుంచి గుద్దితే అంటుకున్న ఫోర్డ్ పింటో, తూర్పు జర్మనీ ట్రబాంట్ అందులో ఉన్నాయి. ఆఖరికి సామాన్యుడికి కారును అందుబాటులోకి తెచ్చిన మోడల్ టీ కూడా ఉంది. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం నాకు సబబుగా తోచదు. అందం ఎవరి అభిరుచి వారిది. కారు అమ్ముడుపోకపోతే నష్టం కంపెనీది. కొన్నవాడి డబ్బుకూ, కాలానికీ, ప్రాణానికీ చేటు తెచ్చిన కార్ల సంగతి వేరు. వాటి గురించి అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇంతకంటే మంచి కారు చేయడం తెలిసీ ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్నతో చరిత్రను తిరగేస్తే ఇంజనీర్ల చేతకానితనం ఎక్కడో అరుదుగా తగులుతుంది. అడుగడుగునా కనిపించేది, కొనేవాడికి వద్దనే వీలు లేకపోవడం. మరో కారు దొరక్క కొందరికి ఆ వీలు లేకుండా పోతే, కారు గురించి తెలియాల్సింది తెలియక మరికొందరికి లేకుండా పోయింది.

ట్రబాంట్‌నే తీసుకుందాం. తూర్పు జర్మనీలోని జ్వికావ్‌లో 1957 నుంచి 1991 దాకా దాదాపు 30 లక్షల ట్రబాంట్లు తయారయ్యాయి. ఉక్కు కొరతగా ఉండడంతో, సోవియట్ యూనియన్ నుంచి వచ్చే పత్తి వ్యర్థాలను రెసిన్‌తో కలిపి, వేడి మీద అచ్చుల్లో నొక్కి బాడీ ప్యానెళ్లు చేసేవారు. ఇంజను రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, శక్తి 26 హార్స్‌పవర్. మన పాత స్కూటర్లలాగే పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి కాబట్టి వెనక నీలిపొగ తప్పేది కాదు. పంపు అవసరం లేకుండా పెట్రోలు దానంతటదే కిందికి దిగేలా ట్యాంకును బానెట్ లోపల, ఇంజనుకు పైన అమర్చారు. చాలా బళ్లలో పెట్రోలు మీటరు కూడా ఉండేది కాదు. మూత తీసి పుల్ల ముంచి చూసుకోవాల్సిందే. ఇది వింటే చేతకాని ఇంజనీర్ల పని అనిపిస్తుంది. కానీ అడ్డంగా కూర్చోబెట్టిన ఇంజను, ముందు చక్రాలకు శక్తి అందించే అమరిక, ఈ రెండూ ట్రబాంట్‌లో 1957 నాటికే ఉన్నాయి. అదే పద్ధతితో జగద్విఖ్యాతమైన బ్రిటిష్ మినీ వచ్చింది 1959లో! జ్వికావ్ ఇంజనీర్లు అక్కడితో ఆగనూ లేదు. 1960ల్లో పీ 603 పేరుతో ఆధునిక హ్యాచ్‌బ్యాక్ నమూనాలు తయారుచేశారు. 1968లో పాలక పార్టీ నాయకత్వం ఆ పనిని ఆపేయించింది. దాంతో 1964లో వచ్చిన 601 మోడలే చిన్న చిన్న మార్పులతో 1990 దాకా నడిచింది. కొత్త కారుకు పేరు రాయించుకుంటే పదేళ్లకు పైగా ఎదురుచూడాల్సిన దేశం అది. వెంటనే చేతికొస్తుంది కాబట్టి పాత ట్రబాంట్‌కు కొత్తదానికన్నా ఎక్కువ ధర పలికేది. తయారైన ప్రతి కారు కోసమూ ఒకరు చేయి చాచి నిలబడి ఉన్నప్పుడు దాన్ని మెరుగుపరచడం పై వాళ్లకు వృథా ఖర్చుగానే కనిపిస్తుంది. 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. పశ్చిమ జర్మనీ సెకండ్ హ్యాండ్ కార్లు అందుబాటులోకి రాగానే ట్రబాంట్ గిరాకీ కుప్పకూలింది. ఫోక్స్‌వ్యాగన్ పోలో ఇంజను బిగించి నిలబెట్టాలని చూసినా 1991 ఏప్రిల్‌లో ఉత్పత్తి ఆగిపోయింది. ముప్పై ఏళ్లు జరగని పని, వేరే కారు కళ్లెదుటికి రాగానే రెండేళ్లలో జరిగింది.

ఇది మనకు పరాయి కథేమీ కాదు. బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ 1956లో వచ్చి 1959కల్లా వెళ్లిపోయింది. ఆ కారునే హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో అంబాసిడర్ పేరుతో 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా తయారుచేసింది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజను 1990ల తొలినాళ్ల వరకూ కొనసాగింది. 1951 నాటి పరిశ్రమల చట్టం కింద ఎవరు ఏం తయారుచేయాలో, ఎంత తయారుచేయాలో లైసెన్సు తేల్చేది. విదేశీ కార్లకు తలుపులు మూసి ఉండేవి. కార్ల ధరలను కూడా ప్రభుత్వమే నిర్ణయించిన రోజుల్లో కంపెనీలు ఆ ధరల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్, ఈ మూడింటిలో ఏదో ఒకదానికి డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడడమే కారు కావాలనుకున్నవారి పని. ధర పెంచుకునే స్వేచ్ఛ, ఉత్పత్తి పెంచుకునే అనుమతి లేని కంపెనీ కొత్త డిజైను మీద ఎందుకు ఖర్చు పెడుతుందని దాని పక్షాన అడగవచ్చు. సరైన ప్రశ్నే. తప్పు ఉత్తరపారా కార్మికులదో, ఇంజనీర్లదో అని నేననడం లేదు. ఆ ఏర్పాటులో అందరి మాటా చెల్లింది; స్టీరింగు ముందు కూర్చునేవాడి మాట ఒక్కటే చెల్లలేదు.

అలవాటు ఎంత లోతుకు దిగిందో 1980ల కార్లు చెబుతాయి. హిందుస్థాన్ మోటార్స్ 1984లో వాక్స్‌హాల్ బాడీతో కాంటెస్సా తెచ్చింది. అంత పొడవాటి, బరువైన కారులో మొదట పెట్టింది అంబాసిడర్‌లోని ఆ 1489 సీసీ ఇంజనే. మద్రాసు స్టాండర్డ్ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 విడుదల చేసింది. పైకి బ్రిటన్ రోవర్ ఎస్‌డీ1 రూపం, లోపల పాత వాన్‌గార్డ్ కారు కాలం నాటి ఇంజనుకు మెరుగులు దిద్దిన రెండు లీటర్ల ఇంజను. ధర రెండు లక్షలు దాటింది. ఆ రోజుల్లో అది సంపన్నులు కూడా ఆలోచించే మొత్తం. మూడేళ్లు తిరక్కుండా ఆ కారు కనుమరుగైంది, దాంతోపాటే కంపెనీ కార్ల వ్యాపారమూ ముగిసింది. పాతికేళ్ల ముందైతే ఇదే కారుకు వెయిటింగ్ లిస్టు ఉండేదని నా నమ్మకం. ఈలోగా జరిగిందేమిటంటే, 1983 డిసెంబరు 14న మారుతీ 800 రోడ్డెక్కింది. 796 సీసీల మూడు సిలిండర్ల సుజుకీ ఇంజను, యాభై వేల రూపాయల లోపు ధర, పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్టయ్యే గుణం. బండి బయటికి రాకముందే లక్షకు పైగా బుకింగులు పడ్డాయి. ఆ తర్వాతే కాంటెస్సాకు ఇసుజు ఇంజను వచ్చింది, అంబాసిడర్‌కూ వచ్చింది.

అంబాసిడర్‌ను ఈ వరుసలో చేర్చితే నొచ్చుకునేవారు ఉంటారు. గుంతల రోడ్లను తట్టుకుంది, పల్లెటూరి మెకానిక్కు కూడా విప్పి బిగించగలిగాడు, ఇంటిల్లిపాదినీ మోసింది. 2013లో బ్రిటన్ టాప్ గేర్ కార్యక్రమం దాన్ని ప్రపంచంలో మేటి టాక్సీగా ఎంచింది. ఈ గుణాలు నిజమే. ట్రబాంట్‌కు కూడా ఇవాళ జర్మనీలో అభిమానులు, సంఘాలు ఉన్నాయి. కానీ మరో కారు చూడనివ్వని రోజుల్లో పుట్టిన ప్రేమ కారుకు యోగ్యతాపత్రం కాలేదు. ‘దళసరి రేకు, గట్టి బండి, లోపలి మనిషికి ఢోకా లేదు’ అనే మాట మాత్రం ఒప్పుకోకూడనిది, ఎందుకంటే అది ఇప్పటికీ ప్రాణాలు తీస్తోంది. బండి గుద్దుకున్నప్పుడు ఆ వేగం ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ముందుభాగం నలిగితే అక్కడ ఖర్చవుతుంది, నలగకపోతే ఆ దెబ్బ మనిషి ఛాతీకీ, మెడకీ చేరుతుంది. ముందూ వెనకా నలిగేలా, మనుషులు కూర్చునే భాగం మాత్రం చెక్కుచెదరకుండా కారును రూపొందించే ఆలోచనకు మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేని 1952లోనే పేటెంటు పొందాడు. 1959లో ఆ పద్ధతితో మెర్సిడెస్ కారు అమ్మకానికి వచ్చింది. అంటే అంబాసిడర్ బతికినంత కాలమూ అంతకంటే భద్రమైన పద్ధతి లోకానికి తెలిసే ఉంది.

పోటీ ఉంటే డొక్కు కారు రానే రాదా? వస్తుంది, కాకపోతే దాని ఆటలు ఎక్కువ కాలం సాగవు. యుగోస్లావియాలోని జాస్తవా కంపెనీ ఫియట్ 127 ఆధారంగా చేసిన యుగోను 1985లో అమెరికాకు తీసుకెళ్లి 3,990 డాలర్లకు అమ్మారు. అక్కడ అంత చవకైన కొత్త కారు మరొకటి లేదు. టైమింగ్ బెల్టును వేళకు మార్చకపోతే అది తెగేది, తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజను పాడయ్యేది. నాణ్యత సంగతి జనానికి తెలిసిపోయింది. ఏడేళ్లలో లక్షా నలభై వేల పైచిలుకు కార్లు అమ్మి 1992లో అమెరికా నుంచి వెళ్లిపోయింది. స్వదేశంలో మాత్రం 2008 దాకా తయారైంది.

నా వాదనకు నిజమైన పరీక్ష ఫోర్డ్ పింటో. 1970లో వచ్చిన ఈ చిన్న కారు పుట్టింది పోటీ హోరాహోరీగా ఉన్న అమెరికాలో. అక్కడ కొనేవాడికి కార్లకు కొదవ లేదు. పెట్రోలు ట్యాంకును వెనక యాక్సిలుకూ బంపరుకూ మధ్య పెట్టారు. వెనక నుంచి గుద్దితే ట్యాంకు ముందుకు నెట్టుకుపోయి డిఫరెన్షియల్ బోల్టులకు తగిలి చిరిగేది, పెట్రోలు పోసే గొట్టం ఊడొచ్చేది. కంపెనీ సొంత పరీక్షల్లోనే ఈ లోపం బయటపడిందనీ, కారుకు కొద్ది డాలర్లతో సరిదిద్దే వీలుండిందనీ కాలిఫోర్నియా కోర్టులో తేలింది. 1978లో జ్యూరీ 12.5 కోట్ల డాలర్ల శిక్షా పరిహారం వేయగా న్యాయమూర్తి దాన్ని 35 లక్షలకు తగ్గించాడు. ఆ ఏడాదే 15 లక్షల కార్లను వెనక్కి పిలిపించి ట్యాంకుకు ప్లాస్టిక్ కవచం బిగించారు. పింటో పేరెత్తగానే అందరూ చెప్పే ఒక లెక్కకు సవరణ అవసరం. కారుకు 11 డాలర్ల మరమ్మతు, చనిపోయిన మనిషికి రెండు లక్షల డాలర్లు అని బేరీజు వేసిన ఆ పత్రం ఒక్క పింటో గురించి రాసినది కాదు. అమెరికాలోని కార్లూ తేలికపాటి ట్రక్కులూ అన్నిటి మీదా, బండి పల్టీ కొట్టినప్పుడు పెట్రోలు కారడం గురించి ప్రభుత్వ సంస్థకు సమర్పించినది. పింటోలో మరణాల రేటు ఆనాటి ఇతర చిన్న కార్లకంటే పెద్దగా ఎక్కువేమీ కాదని తర్వాతి పరిశోధకులు వాదించారు కూడా. వాటిని లెక్కలోకి తీసుకున్నా పింటో నేర్పేది మారదు. షోరూంలో పది కార్లు వరుసగా పెట్టినా, ట్యాంకు ఎక్కడుందో, పరీక్షలో ఏమైందో కొనేవాడికి చెప్పకపోతే వాడు ఎంచుకున్నది రంగునూ ధరనూ మాత్రమే.

మన దేశంలో ఇదే 2014లో కళ్లకు కట్టింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఇక్కడ అమ్మే ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా ఢీకొట్టి పరీక్షించింది. ఎయిర్‌బ్యాగులు లేని చౌక రకాలవి. అయిదింటికీ సున్నా స్టార్లు వచ్చాయి. ఎయిర్‌బ్యాగులు ఉన్న పోలోకు నాలుగు స్టార్లు వచ్చాయి. దాంతో ఫోక్స్‌వ్యాగన్ ఎయిర్‌బ్యాగులు లేని పోలోను మన మార్కెట్టు నుంచి తీసేసింది. భద్రంగా చేయడం ఆ కంపెనీకి ముందే తెలుసు. ఆ ఫలితం బయటపడ్డాకే అది అన్ని పోలోలకూ వర్తించింది.

అయితే పేదవాడి కారును ధనిక దేశాల కొలతలతో కొలవడం తగునా అని అడుగుతారు. నలుగురు ఒక స్కూటరు మీద వానలో వెళ్లడం చూసి రతన్ టాటాకు నానో ఆలోచన వచ్చింది. స్కూటరుతో పోలిస్తే పైకప్పూ నాలుగు చక్రాలూ మేలే. చవకగా చేయడాన్ని నేను నేరమనను. చౌక కారులో ఏం తగ్గించారో కొనేవాడికి చెప్పాలన్నదే నా పట్టుదల. నానోను జనం వద్దనగలిగారు కూడా. గిరాకీ లేక 2018లో దాని తయారీ ఆగింది. ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నచోట ఎవరూ నిషేధించకుండానే ఒక కారు తప్పుకుంది.

డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు 2019 జులై నుంచి, పక్క సీటుకు 2021లో తప్పనిసరి చేశారు. 2023 అక్టోబరులో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయ్యాయి, కానీ పరీక్షకు కారును పంపడం కంపెనీ ఇష్టం. అంతకుముందు ఎయిర్‌బ్యాగులు లేకుండా చట్టబద్ధంగా అమ్మిన కార్లు హైదరాబాదు, విజయవాడ, విశాఖ సెకండ్ హ్యాండ్ మార్కెట్లలో ఇవాళ చేతులు మారుతున్నాయి. మొదటి కారు కొనే కుటుంబాలు ఎక్కువగా వెళ్లేది అక్కడికే. అక్కడ తిరిగిన కిలోమీటర్లు, టైర్లు, ఇన్సూరెన్సు, ఎంతమంది చేతులు మారిందీ అడుగుతారు. ఆ మోడల్లో ఆ రకానికి ఎయిర్‌బ్యాగు ఉందా, పరీక్షలో ఎన్ని స్టార్లు వచ్చాయి అన్నది అమ్మకం కాగితంలో రాసివ్వాలనే నిబంధన పెడితే డీలరుకు అయ్యే ఖర్చు ఒక వరుస సిరా.